అప్పు తీరిన కారు

నేను 2012 మోడల్ టయోటా క్యామ్రీని. పుట్టింది కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో, ఉండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. మా అయ్యగారు నన్ను లోను మీద కొన్నారు. ఆఖరి వాయిదా కట్టాక టైటిల్ మీంచి బ్యాంకు పేరు పోయింది. ఆ కాగితం ఫోటో తీసి అనకాపల్లిలో ఉన్న నాన్నగారికి పంపారు.

ఆ నాన్నగారే విజిటర్ వీసా మీద వచ్చి, గుండెపోటుతో ఇక్కడి ఆసుపత్రిలో చేరారు. పాత జబ్బని ఇన్సూరెన్సువాళ్లు చేతులు దులుపుకున్నారు. బిల్లుకు పూచీ సంతకం కొడుకుది. తర్వాత ఉద్యోగం పోయింది, ఇల్లు క్రెడిట్ కార్డుల మీద గడిచింది, చివరికి చాప్టర్ 7 దివాలా దాకా వచ్చింది.

చాప్టర్ 7లో ట్రస్టీ ఆస్తి అమ్మి అప్పులవాళ్లకు పంచుతాడు. మా పక్కన నిలిపే కొత్త ఎస్‌యూవీ మీద దాని ఖరీదును మించిన లోనుంది. అలాంటిదాన్ని అమ్మితే ట్రస్టీకి ఏమీ మిగలదు. బాకీ లేని నేనైతే నిండు ఆస్తిని! వాయిదాలు బుద్ధిగా కట్టినందుకు నన్నే వేలం వేస్తారా అని ఇంజను మండిపోయింది.

‘‘అన్నా, కారు బామ్మర్ది పేరు మీదకి మార్చెయ్, గొడవొదిలిపోద్ది’’ అన్నాడొక మిత్రుడు. పొలాల నుంచి ఫ్లాట్ల దాకా మనవాళ్ల వైద్యం ఇదే కదా. లాయరమ్మ ఒప్పుకోలేదు. ఫైలింగ్‌కు ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చినదాన్ని ట్రస్టీ వెనక్కి రాబట్టవచ్చట. ఎగ్గొట్టే ఉద్దేశంతో ఏడాదిలోపు మార్చినట్టు తేలితే అప్పుల రద్దుకే ఎసరు.

అసలు నాటకమే అక్కర్లేకపోయింది. ట్రస్టీ ముట్టుకోకుండా కొంత ఆస్తిని వదిలేసే మినహాయింపులు ఉంటాయి. న్యూజెర్సీ సొంత మినహాయింపులు మరీ పిసినారివి, కాబట్టి ఆవిడ ఫెడరల్ జాబితా ఎంచుకుంది. అందులో 2025 ఏప్రిల్ నుంచి వాహనానికి 5,025 డాలర్లు. కెల్లీ బ్లూ బుక్ చూసి, నా సొట్టలూ మైలేజీ లెక్కేస్తే ఆరువేల పైచిలుకు వచ్చాను. ఆ తేడాకు వైల్డ్ కార్డ్ ఉంది: ఏ ఆస్తికైనా 1,675 డాలర్లు, ఇంటి మినహాయింపులో వాడనిదాంట్లోంచి ఇంకో 15,800 దాకా. అయ్యగారిది అద్దె ఇల్లు. ఇన్నేళ్లూ సొంతిల్లు లేదని అమ్మగారు సాధించిన ఆ అద్దె కొంపే నన్ను కాపాడింది. వేరే రాష్ట్రమైతే లెక్కలు మారిపోయేవి.

మినహాయింపుల పట్టిక అయిన షెడ్యూల్ సిలో నా పేరెక్కింది. అప్పులవాళ్లను పిలిచే 341 సమావేశం జూమ్‌లో జరిగింది. అందులో ట్రస్టీ నా విలువెలా కట్టారో, ఆస్తి ఎవరికైనా బదిలీ చేశారో అడిగాడు. ‘‘లేదండీ’’ అని తెలుగులో అనేసి, నాలుక్కరుచుకుని మళ్లీ ఇంగ్లీషులో చెప్పారు అయ్యగారు. అభ్యంతరాలకు గడువు 30 రోజులు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

దివాలా సంగతి క్రెడిట్ రిపోర్టులో 10 ఏళ్ల దాకా కనిపిస్తుంది. నేను మొరాయిస్తే, ఇంకో కారుకు లోనొచ్చినా వడ్డీ వాచిపోతుంది. అందుకే ఇప్పుడు అమ్మగారు ‘‘ఏమండీ, ఆయిల్ మార్పించారా?’’ అని ఆయన వెంటపడుతున్నారు.