మునిగిన ముచ్చటకు బీమా

ముచ్చటపడి చేయించుకున్న కారు భాగాలు వరదలో మునిగితే, వాటి విలువ ఇప్పించమని బీమా సంస్థకు పెట్టుకునే అర్జీయే క్లెయిము. ఇందులో పాత్రధారులు నలుగురు: కారు యజమాని, భాగాలు బిగించిన మిస్త్రీ, నష్టం చూడవచ్చే సర్వేయరు, ఏ ఊళ్లో కూర్చుంటాడో ఎవరికీ తెలియని క్లెయిముల అధికారి. ఐదో పాత్ర నీరు. వచ్చిన పని చప్పున ముగించుకుని పోయేది అదొక్కటే.

పాలసీ లెక్కలో కారంటే ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి కారు. కారు కంపెనీ ప్రకటించిన ధరలోంచి వయసుకు తగ్గ తరుగు తీసి దానికి విలువ కడతారు. ఆరు నెలల్లోపు తరుగు 5 శాతం. నాలుగేళ్లు దాటి ఐదో ఏడు నడిచేసరికి 50 శాతం. తర్వాత యజమాని బిగించుకున్న ఆంప్లిఫయరు, సబ్‌వూఫరు, తోలు సీట్లు, ఫైబరు కన్సోలు ఈ లెక్కలో ఉండవు. ఉండాలంటే ఒక్కొక్కటీ పేరుపేరునా చెప్పి, విలువ రాయించి, ప్రీమియం కట్టాలి. విద్యుత్ పరికరాలకు పాత టారిఫ్‌లో, అంటే ప్రీమియం రేట్ల పట్టికలో, 24వ నంబరు ఎండార్స్‌మెంటు ఉండేది. విలువపై 4 శాతం ప్రీమియం. టారిఫ్ కాలం పోయినా ఆ లెక్క చాలాచోట్ల నడుస్తూనే ఉంది. అంటే రూ.60,000 పెట్టి కొన్న సౌండు సిస్టమ్‌కు ఏడాదికి రూ.2,400, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.432. వీధి చివరి దాకా పాట వినిపించడానికి అరవై వేలు ఇచ్చిన మనిషి ఈ రూ.2,832 దగ్గర పొదుపరి అవుతాడు. రెన్యువల్ ఫోన్లోనే అయిపోతుంది. యాక్సెసరీల గడిలో సున్నా ముందే వేసి ఉంటుంది. ఆ సున్నాను కదిలించిన వేలు అరుదు.

డీలరు దగ్గర వినిపించే ‘బంపర్ టు బంపర్’ అనే మాట గురించి ఇక్కడ చెప్పుకోవాలి. రెండు బంపర్ల మధ్య ఉన్నదంతా తనదేనని కొనేవాడు అనుకుంటాడు. అది తరుగు కోతను ఎత్తేసే అదనపు రక్షణ మాత్రమే. చెప్పని భాగం దాని కిందికి రాదు. చేయించుకున్నది బంపరే అయినా రాదు.

తర్వాతి ప్రశ్న, నీరు తగిలినప్పుడు ఆ భాగం ఎక్కడ ఉందన్నది. మోటారు పాలసీ కాపాడేది కారునూ, కారుకు బిగించి ఉన్న సామగ్రినీ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పటి లాంటి పరిస్థితిని ఊహించుకోండి. కారులో ఉన్న సీటు తడిస్తే కారు సీటు. రంగు మార్పించడానికి విప్పి మెట్ల కింద పెట్టిన సీటు తడిస్తే అది మోటారు పాలసీకి పరాయి వస్తువు. ఇంటికి భారత్ గృహ రక్షా పాలసీ ఉంటే అక్కడ అడగవచ్చు. ఇది వాహనం తాలూకు వస్తువు కదా అని వాళ్లు కొర్రీ వేసే వీలు బాగానే ఉంది. ఆ సీటు మిస్త్రీ షెడ్డులోనే ఉండిపోయి తడిస్తే, ఆ షెడ్డుకు వరద వర్తించే పాలసీ ఉండాలి, అందులో ఖాతాదారుల సొత్తును కూడా చేర్చి ఉండాలి. ‘మన షెడ్డుకేమవుద్ది సార్’ అనే మిస్త్రీ దగ్గర ఈ రెండూ ఉండవని వేరే చెప్పక్కర్లేదు.

ఇంజను సంగతి ఇంతకంటే కఠినం. మునిగిన కారు చూడగానే తాళం తిప్పి చూడాలనిపించడం మానవ సహజం. ఎయిర్ ఫిల్టరు గుండా సిలిండరులోకి చేరిన నీరు గాలిలా నలగదు. పిస్టను పైకొచ్చేసరికి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వరద వల్ల వచ్చిన నష్టం వేరు, తాళం తిప్పడం వల్ల వచ్చిన నష్టం వేరు అంటుంది కంపెనీ. రెండోది కావాలంటే ఇంజను రక్షణ యాడ్-ఆన్ ముందే కొని ఉండాలి. నీళ్లలోనూ ఇంజనుకు గాలి అందేలా కొందరు స్నోర్కెల్ పెట్టించుకుంటారు. వరద గండం నుంచి కాపాడేందుకు పెట్టిన ఆ గొట్టం పాలసీలో రాయించనిదైతే, వరద క్లెయిములో మొదటి కొర్రీ దాని మీదే పడుతుంది.

కబురు అందాక సర్వేయరు వస్తాడు. రూ.50,000కు మించిన మోటారు నష్టాన్ని లైసెన్సున్న సర్వేయరు చూడాలి. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం 24 గంటల్లో సర్వేయరును కేటాయించాలి, 15 రోజుల్లో ఆయన నివేదిక ఇవ్వాలి, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. నియమం చక్కనిది. ఊరంతా ఒకే రాత్రి మునిగినప్పుడు ఒక్కో సర్వేయరు చేతిలో ఎన్ని కార్లుంటాయన్నది సర్క్యులర్ పరిధిలోని విషయం కాదు. ఆయన వచ్చే వరకు యజమానికి రెండు విధులు. సర్వే కాకముందు దేన్నీ కదిలించకూడదు. నష్టం పెరగకుండా తగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. బురద కడిగితే సాక్ష్యం పోయినట్టు. కడగకపోతే ఆంప్లిఫయరు బోర్డు తుప్పు పట్టి, అజాగ్రత్త కింద జమ. నడిమి దారి ఒక్కటే: నీటి గీత ఎక్కడిదాకా వచ్చిందో కనబడేలా ఫొటోలు, వీడియో తీసి, కంపెనీకి ఈ-మెయిల్‌లో చెప్పి, అప్పుడు బ్యాటరీ వైరు విప్పడం.

సర్వేయరు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుంటాడు. కారు కారేనని దాంతో తేలుతుంది. భాగాల దగ్గర చిక్కు మొదలవుతుంది. ఫ్యాక్టరీ భాగానికి పార్టు నంబరు, ముద్రించిన ధర ఉంటాయి. చేయించుకున్న భాగానికి ఉన్నదల్లా మిస్త్రీ మాట, ఒక తెల్ల చీటీ. చీటీ మీద నీలం పెన్నుతో ‘సీటు పని 38,000, ఫోమ్ వేరే’ అని ఉంటుంది. కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న రబ్బరు స్టాంపు ఉంటుంది. జీఎస్టీ నంబరు ఉండదు. బిల్లు వద్దంటే 18 శాతం తగ్గుతుందని ఆనాడు సంబరపడింది యజమానే కాబట్టి, ఈ విషయంలో కంపెనీని తిట్టడం అన్యాయం. అయితే కొన్నప్పుడు అంత పలికిన వస్తువు క్లెయిములో కొరగానిదైపోతుంది. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెతను ఫైలు కట్టి చూపించినట్టే.

విలువ ఒప్పుకున్నాక తరుగు పట్టిక బయటికొస్తుంది. రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్, బ్యాటరీలకు 50 శాతం కోత. ఫైబరు గ్లాసుకు 30. గాజుకు ఏమీ లేదు. లోహానికి కోత వయసును బట్టి. ఆ వయసు భాగానిది కాదు, వాహనానిది. రెండేళ్లు దాటి మూడు నిండని కారుకు పోయిన నెలలో బిగించిన కొత్త ఇనుప చట్రం కూడా ఆ కారంత ముసలిదే. అటువంటి కారులో పాలసీలో రాయించిన ఫైబరు కన్సోలు రూ.20,000, ప్లాస్టిక్ అలంకరణలు, పెద్ద బ్యాటరీ కలిపి రూ.18,000, సీట్ల చట్రాలు, పట్టాలు రూ.40,000 అనుకుంటే, చేతికొచ్చేది వరసగా 14,000, 9,000, 34,000. రూ.78,000 కాస్తా రూ.57,000 అయింది. 1500 సీసీ దాటిన కారైతే తప్పనిసరి మినహాయింపు మరో రూ.2,000. పనికిరావని తేల్చిన భాగాలను యజమానే ఉంచుకుంటే తుక్కు విలువ కూడా కోస్తారు. సీట్లు పనికిరానివే, వాటి తుక్కుకు మాత్రం విలువ ఉంది.

ఇవన్నీ దాటినవాడికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఎదురవుతుంది. తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా ఖాయపరిచింది. మార్చిన సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కించి పోలీసులు ఫొటోలు దిగే రోజుల్లో ఆ సైలెన్సరుకు క్లెయిము పెట్టడానికి గుండెధైర్యం కావాలి. సీటు తొడుగు, స్పీకరు ఆ కోవలోకి రావు. అయినా ‘అనధికార మార్పులు’ అన్న ఒక్క మాటతో అన్నిటినీ ఒకే గాటన కట్టే లేఖలు వస్తుంటాయి. ఈ వ్యవస్థలోని అసలు విడ్డూరం ఇక్కడే ఉంది. డబ్బులిచ్చే వేళ కనబడని భాగం, డబ్బులివ్వనని చెప్పే వేళ కంపెనీకి స్పష్టంగా కనబడుతుంది. పాలసీ షరతు తప్పినంత మాత్రాన క్లెయిము మొత్తం సున్నా కానక్కర్లేదని, 75 శాతం వరకు ఇవ్వవచ్చని 2010లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. ఆ సంగతి తిరస్కరణ లేఖల్లో సాధారణంగా ఉండదు.

చివరికి కొంత సొమ్ము మంజూరైతే, ఇదే పూర్తి, అంతిమ పరిష్కారమని రాసి ఉన్న వోచరు వస్తుంది. దాని మీద సంతకం చేసినంత మాత్రాన మిగిలిన సొమ్ము అడిగే హక్కు పోదని నియంత్రణ సంస్థ 2015లోనే కంపెనీలకు చెప్పింది. అభ్యంతరాన్ని అదే రోజు ఈ-మెయిల్‌లో పెట్టడం మేలు. ఆపై కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఫిర్యాదులన్నీ హైదరాబాద్ కార్యాలయానికే వెళతాయి. రూ.50 లక్షల వరకు అడగవచ్చు, రుసుము లేదు, వకీలుకు అక్కడ చోటు లేదు, గడువు ఏడాది. ఆయన ఉత్తర్వు కంపెనీకి తప్పనిసరి. యజమానికి రుచించకపోతే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. అక్కడి గడువు రెండేళ్లు. ఈ రెండు గడువులూ తిరస్కరణ లేఖ తేదీతో ముడిపడినవే కాబట్టి, ఆ లేఖను కోపంలో చించేయవద్దు.