నా నంబరు 82తో మొదలవుతుంది

వయసు దాచుకునే అలవాటు నాకు లేదు. ముందు గాజు చుట్టూ ఉన్న వలయం మీద తెల్లగా రాసే ఉంది: రష్యన్ అక్షరాల్లో హీలియోస్-44-2, పక్కన 2/58, తర్వాత ఎనిమిదంకెల నంబరు. అందులో మొదటి రెండంకెలు 82. సోవియట్ లెన్సుల్లో చాలావాటికి అవే పుట్టిన సంవత్సరం. అయినా వైజాగ్ జగదాంబ జంక్షన్ దగ్గర కెమెరాలు రిపేరు చేసే పెద్దాయన నన్ను చూస్తూనే, "ఎనభయ్యో సంవత్సరం సరుకు బాబూ ఇది. ఒలింపిక్స్ బొమ్మ కనబడ్డం లేదేటి?" అన్నాడు.

ఆ బొమ్మ ఉన్నది నా మీద కాదు, నన్ను బిగించిన జెనిట్-ఇ కెమెరా మీద. మాస్కో ఒలింపిక్స్ గుర్తు వేసి అమ్మిన రకం అది. నాకున్నది 42 మిల్లీమీటర్ల మర. అదే మర ఉన్న ఏ కెమెరాకైనా తిప్పితే ఎక్కుతాను, తిప్పితే దిగుతాను. బాడీని చూసి లెన్సు వయసు చెప్పడమంటే పెళ్లికొడుకు జాతకం చూసి పెళ్లికూతురి ఈడు లెక్కగట్టడమే.

విశాఖ ఉక్కు కర్మాగారానికి సాయం చేస్తామని సోవియట్ యూనియన్ 1979లో ఒప్పందం చేసుకుంది. ఆ పని మీద వచ్చిన ఒక ఇంజనీరుగారి సూట్‌కేసులో, స్వెట్టర్ల మధ్య, నేను దిగాను. వైజాగ్‌లో స్వెట్టర్లతో ఏం పనో ఆయనకే తెలియాలి. నా రష్యన్ అక్షరాలే ఈ ప్రయాణానికి సాక్ష్యం. బయటి దేశాలకు అమ్మే లెన్సుల మీద సాధారణంగా ఇంగ్లిషు అక్షరాలు, 'మేడిన్ యూఎస్ఎస్ఆర్' అన్న మాట ఉండేవి. నా మీద అవి లేవంటే కొట్లో బిల్లు కట్టించుకుని వచ్చినదాన్ని కానన్నమాట.

తిరిగి వెళ్లేటప్పుడు ఆయన నన్ను, కెమెరాని కలిపి ఉక్కునగరంలో ఉండే తెలుగు సహోద్యోగి చేతిలో పెట్టాడు. ఆ ఇంటి అలమరలో మాస్కోలో అచ్చయిన రాదుగ తెలుగు పుస్తకాలు అప్పటికే ఉన్నాయి, కనక పరాయి ఇల్లనిపించలేదు. 1990లో గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. దాని ముఖం నేను చూడలేదు; గేటు దాటి కెమెరా తీసుకెళ్లే వీల్లేదు. నేను చూసిందల్లా పెళ్లిళ్లు, యారాడ పిక్నిక్‌లు, సింహాచలంలో పుట్టువెంట్రుకలు.

పెద్దాయన అంతటితో ఆగలేదు. "లోపలి గాజు జర్మనీదే" అన్నాడు. నమూనా జర్మనీదే, ఒప్పుకుంటాను: యేనా నగరంలోని జైస్ కంపెనీ చేసిన బయోటార్. నాలుగు గుంపుల్లో ఆరు గాజులు. అంతవరకే బంధుత్వం.

నన్ను ఆయన దగ్గరకి తెచ్చిన మా ఇంటి కుర్రాడు, ఆయన మనవడి వయసువాడు, మాత్రం నన్ను కిటికీ వెలుగులో పెట్టి తిప్పి చూశాడు. ఎపర్చర్‌కి నాకు రెండు వలయాలున్నాయి: ఎంత మూయాలో ముందే పెట్టుకోవడానికి ఒకటి, ఫొటో నొక్కే ముందు నిజంగా మూయడానికి ఇంకొకటి. తర్వాతి తరం 44ఎంలో ఆ రెండో పని వెనకున్న చిన్న పిన్ను చూసుకుంటుంది. నంబరు అరిగిపోయినా ఈ తేడాతో తరం తెలుస్తుంది. ఇంకా పాత లెన్సుల మీద ఎర్రటి రష్యన్ 'పె' అక్షరం ఉండేది, గాజుకి పూత ఉందని చెప్పడానికి. పూత అన్నిటికీ మామూలయ్యాక ఆ అక్షరం పోయింది. రెండంకెల లెక్క కూడా అన్నిచోట్లా చెల్లదు. సున్నాతో మొదలయ్యే పాత నంబర్లున్నాయి. వివిటార్ లెన్సుల్లోనైతే మొదటి రెండంకెలు ఏడాది కానేకాదు, తయారుచేసిపెట్టిన కంపెనీ గుర్తు: 37 అంటే టోకినా, 28 అంటే కొమినే. ఏడాదికి మూడో అంకె చూడాలి, అదీ ఏ దశాబ్దమో చెప్పదు.

ఏ అంకే చెప్పని సంగతి ఒకటి లోపల ఉంది. తోలు కేసులో పెట్టి బీరువాలో వదిలేశారు. సముద్రపు చెమ్మ, గాలాడని చోటు: ఫంగస్‌కి అంతకన్నా ఏం కావాలి? వెనక గాజు అంచున సాలెగూడులా పాకింది. పెద్దాయన విప్పి తుడిచాడు. ఆ పనిలో మాత్రం ఆయనకి వంక పెట్టలేం. పైపైది పోయింది, పూతని తిన్నచోట మచ్చలు ఉండిపోయాయి. 1982లో పుట్టానని నంబరు చెబుతుంది. వైజాగ్‌లో బతికానని ఈ మచ్చలు చెబుతాయి.

"ఎంతొస్తుంది మామయ్యా?" అని కుర్రాడు అడిగాడు. మా రకాన్ని లక్షల్లో చేశారు, అరుదైనదాన్నేం కాదు. పెద్దాయన చెప్పిన ధరకి నాకే సిగ్గేసింది. కుర్రాడు అమ్మలేదు. ఎడాప్టర్ కొని తన కొత్త మిర్రర్‌లెస్ కెమెరాకి బిగించాడు, కేసు పారేసి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేశాడు. ఆదివారం ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని తీయడానికి తీసుకెళతాడట. అదీ సోవియట్‌దే, 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, నాకంటే పెద్దది. దాని పుట్టుపూర్వోత్తరాలు బోర్డు మీద రాసిపెట్టారు కాబట్టి పెద్దాయనతో పేచీ ఉండదు.