కుందేటి కాళ్ళ లెక్కలు

సూపర్‌హీరో సిరీస్ ఒకటి వారం వారం వస్తోందంటే ఊరూరా రెండు రకాల పండితులు పుట్టుకొస్తారు. ఒకడు సిద్ధాంతి. వచ్చే వారం విలన్ ఎవడో, హీరోయిన్ అసలు బతికుందో లేదో, వెనక గోడమీది కేలండరు చూసి చెప్పేస్తాడు. రెండోవాడు లెక్కల మేస్టారు. ఎంతమంది చూశారో, ఎన్ని నిమిషాలు చూశారో, అవతలి హీరోని ఎంత తక్కువమంది చూశారో నోటికి అప్పచెబుతాడు. సిద్ధాంతిని పనీపాటా లేనివాడి కింద కట్టి, మేస్టారిని విషయం తెలిసినవాడి కింద జమకట్టడం లోకం తీరు. అంకె పలికేవాడికి మన దగ్గర ఎప్పుడూ ఓ కుర్చీ వేస్తారు. నా వాదన దీనికి తలకిందులు. ఇద్దరిలో నమ్మదగ్గవాడు సిద్ధాంతే. కారణం ఒక్కటే: అతను ఓడిపోగలడు. మేస్టారికి ఆ విద్య రాదు.

లక్క బొమ్మలు చేసే మా ఏటికొప్పాకలో ఇది పెద్దగా విడమరచక్కర్లేదు. లేత్‌మీద అంకుడు కర్ర ముక్క గిర్రున తిరుగుతూంటుంది. చూసేవాళ్ళలో ఒకడు ‘రాజుగారి తలపాగా’ అంటాడు. ‘కాదెహె, కుంకుమ భరిణె మూత’ అంటాడు ఇంకొకడు. ఉలి నాలుగుసార్లు ఆనేసరికి గుట్టు బయటపడుతుంది. రంగు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పైన మొగలాకు పెట్టి రుద్దితే నిగనిగలాడుతుంది. అప్పటికి తలపాగా అన్నవాడు కిక్కురుమనకుండా భరిణెను ఒప్పేసుకుంటాడు. సిద్ధాంతం మర్యాద కూడా అదే. ముందు చెప్పాలి, చెప్పింది తేలాలి, తేలాక ఒప్పుకోవాలి. (లేత్‌మీద పుట్టేదల్లా గుండ్రంగానే పుడుతుంది కాబట్టి, ఎంత కండలు తిరిగిన సూపర్‌హీరోనైనా ఇక్కడ పట్టిస్తే బొద్దుగా, బుగ్గలేసుకుని బయటికొస్తాడు. నన్నడిగితే అలాగే బాగుంటాడు.)

తెలుగువాళ్ళు ఈ శాస్త్రంలో రాసిన పెద్ద పరీక్ష 2015 జులై 10న మొదలైంది. ‘బాహుబలి’ మొదటి భాగం చివర కట్టప్ప వెనకనుంచి కత్తి దించాడు, తెర పడింది. 2017 ఏప్రిల్ 28 దాకా, అంటే 21 నెలలకు పైగా, దేశమంతటికీ ఒకటే బెంగ. బాహుబలే చంపమని అడిగి ఉంటాడన్నారు. చచ్చినట్టు నాటకమాడి ఉంటాడన్నారు. తీరా చూస్తే శివగామి ఆజ్ఞ, బానిస పాటించాడు, అంతే. తమాషా ఏమిటంటే, జవాబు మొదటి భాగంలోనే అందరి కళ్ళముందూ ఉంది. సుదీప్ వేసిన అస్లంఖాన్ వచ్చి, నీకు బానిసత్వంనుంచి విముక్తి ఇప్పిస్తానంటే, మా వంశం ఈ సింహాసనానికి మాటిచ్చిందని కట్టప్ప వద్దన్నాడు. కత్తి దించిన చేయి ఎవరిదో చూసినవాళ్ళం, ఆ చేతికి యజమాని ఎవరో చూడలేదు. అయినా సిద్ధాంతుల పెద్దమనసు చూడండి. ఏప్రిల్ 28 ఉదయం ఆటకి వెళ్ళి తమ సిద్ధాంతాలకి తామే దహన సంస్కారం చేసుకున్నారు. ఖర్చు కూడా తామే పెట్టుకున్నారు.

అమెరికావాళ్ళూ ఇందులో మనకి తీసిపోలేదు. డిస్నీ ప్లస్‌లో ‘వాండావిజన్’ 2021 జనవరి 15 నుంచి మార్చి 5 దాకా తొమ్మిది భాగాలుగా వచ్చింది. మొదటి వారంనుంచే తెరమీద ప్రతి వస్తువులోనూ మెఫిస్టో అనే దయ్యాన్ని చూశారు అభిమానులు. ఈగ వాలితే మెఫిస్టో, కుందేలు కనిపిస్తే మెఫిస్టో. ఐదో భాగంలో, వేరే కంపెనీ ఎక్స్‌మెన్ సినిమాల్లో క్విక్‌సిల్వర్‌గా వేసిన ఇవాన్ పీటర్స్ తలుపు తట్టేసరికి, ఇక రెండు విశ్వాలు కలిసిపోయాయని పండగ చేసుకున్నారు. చివరికి ఆయన రాల్ఫ్ బోనర్ అనే మామూలు ఊరి మనిషి. విజన్‌గా వేసిన పాల్ బెటనీ, ఎన్నాళ్ళనుంచో కలిసి నటించాలనుకున్న నటుడొకరు ఇందులో ఉన్నారని ఊరించాడు. పెద్ద పెద్ద పేర్లన్నీ తిరగేశారు జనం. తీరా ఆ నటుడు ఆయనే, రెండో వేషంలో. ఇంత ఘోరంగా ఓడిపోయిన జాతి, ఆ తర్వాతి సిరీస్‌కి మళ్ళీ పలకా బలపం పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. దీన్ని నేను వెర్రి అనను.

లెక్కల మేస్టారికి ఇలాంటి తీర్పు రోజు రాదు. మన సినిమా పోస్టరు చూడండి. గ్రాస్ ఒక అంకె. అందులో జీఎస్టీ, థియేటరు అద్దె పోగా పంపిణీదారుడికి మిగిలే షేరు ఇంకో అంకె. హైర్లు కలిపితే ఒకటి, తీస్తే ఒకటి. నర్సీపట్నంలో తెగిన టికెట్టు ఉత్తరాంధ్ర ఖాతాలో పడేలోగా దానికి ఇన్ని జన్మలున్నాయి. గ్రాస్ బాగుంటే గ్రాస్ మాట్లాడతాడు, షేరు బాగుంటే షేరు. రెండూ బాగోకపోతే ‘అసలు జనం ఆదరణ ముఖ్యం’ అంటాడు. వంద రోజుల కాలంలో అయితే డైరెక్ట్ సెంటర్లు వేరు, హాలు మార్చి లాక్కొచ్చిన షిఫ్టింగ్ సెంటర్లు వేరు. అన్నిటికీ మించి, ‘బాహుబలి’ అంకెలు అందనంత ఎత్తుకు వెళ్ళిపోయేసరికి మనవాళ్ళు ‘నాన్ బాహుబలి రికార్డు’ అనే తరగతిని కనిపెట్టారు. మొదటివాణ్ణి పందెంలోంచి తప్పించి మిగతావాళ్ళలో మొదటి బహుమతి ఇచ్చుకోవడమన్నమాట. మేస్టారు పట్టిన కుందేటికి మూడే కాళ్ళని తెలుసు గాని, నాలుగో కాలుకి వేరే విభాగం పెడతాడని పూర్వులు ఊహించలేదు.

స్ట్రీమింగ్ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. థియేటరైతే కనీసం ఖాళీ కుర్చీ కంటికి కనబడుతుంది. ఇక్కడ కుర్చీ ఎవరింట్లోనో ఉంటుంది, లెక్క కంపెనీవాడి దగ్గర ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ ఒకప్పుడు సినిమాగాని, సిరీస్‌లో ఒక భాగంగాని 70 శాతం చూస్తేనే చూసినట్టు అనేది. 2020 మొదట్లో, రెండు నిమిషాలు చూస్తే చాలంది. ఈ పద్ధతిలో అంకెలు సగటున 35 శాతం ఎక్కువొస్తాయని తనే ఒప్పుకుంది కూడా. 2021లో మొత్తం గంటలు చెప్పడం మొదలెట్టింది. 2023నుంచి ఆ గంటల్ని నిడివితో భాగించి ‘వ్యూస్’ అంటోంది. నాలుగేళ్ళలో నాలుగు గజంబద్దలు. ఇక మనవాళ్ళకి నిమిషాలంటే మోజు, కోట్లలో వస్తాయి కాబట్టి. ‘హనుమాన్’ 2024 జనవరి 12న థియేటర్లకీ, మార్చిలో ఓటీటీకీ వచ్చింది. దాని నిడివి 158 నిమిషాలు. అలాంటి సినిమాకి ఎవరైనా ‘10 కోట్ల నిమిషాలు’ అని పోస్టరు వేశాడనుకోండి, భాగించి చూస్తే అది 6 లక్షల 33 వేల పూర్తి వీక్షణలకి లోపే. చెడ్డ అంకె కాదు. కాని 6 లక్షలకి పాలాభిషేకం ఎవరు చేస్తారు?

సాక్షాత్తూ ఏటికొప్పాక బొమ్మలే ఈ చిక్కులో పడ్డాయి. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీ కవాతులో మన రాష్ట్రం శకటం ఈ బొమ్మలదే. న్యాయనిర్ణేతలు రాష్ట్రాల శకటాల్లో దానికి మూడో స్థానం ఇచ్చారు. అదే కవాతుకి ఆన్‌లైన్లో జనం ఓట్లు వేస్తే మొదటి స్థానం గుజరాత్‌కి పోయింది, మన బొమ్మలు మొదటి మూడింటిలో లేవు. ఒకే రోజు, ఒకే దారి, అవే శకటాలు. ఆంధ్రావాడు న్యాయనిర్ణేతల మాట పట్టుకున్నాడు, గుజరాతీ ప్రజాతీర్పు పట్టుకున్నాడు. ఇద్దరూ అంకెలే చెబుతున్నారు, ఇద్దరూ అబద్ధమాడటం లేదు. ఈ తగువు తీరాలంటే ఏ తేదీ దాకా ఆగాలో మాత్రం ఎవరూ చెప్పలేరు.

‘నువ్వు వెటకారం చేస్తావు గాని, అంకెమీదే కదా తర్వాతి సీజను ఆధారపడేది, వందలమంది తిండి’ అనొచ్చు. న్యాయమైన మాటే. డబ్బు పెట్టినవాడికి లెక్క కావాలి. అతని దగ్గర అసలు లెక్క ఉంటుంది కూడా. బయట కొట్టుకునేది మాత్రం దాని నీడతో. నెట్‌ఫ్లిక్స్‌లో ‘జూపిటర్స్ లెగసీ’ అనే సూపర్‌హీరో సిరీస్ 2021 మే 7న వచ్చింది. నెల తిరక్కుండానే జూన్ మొదట్లో దాన్ని ఆపేశారు. ఆపేశారన్న కబురు వచ్చాక, ఎవరెంత చూశారో లెక్కగట్టే నీల్సన్ సంస్థ జాబితా బయటికొచ్చింది. చూస్తే, విడుదలైన వారం అమెరికా స్ట్రీమింగ్ సిరీసుల్లో అదే నంబర్ వన్, దాదాపు 70 కోట్ల నిమిషాలు. శవానికి సన్మానపత్రం చదివినట్టయింది. పెట్టిన ఖర్చుకి ఆ చూపు చాల్లేదో, మొదలెట్టినవాళ్ళు మధ్యలో లేచిపోయారో, ఆ సంగతి లోపలి లెక్కకి తెలుసు. అభిమాని చేతిలో ఉన్న నంబర్ వన్ అనే అంకెకి తెలియదు.

రెండో అభ్యంతరం గట్టిది, నా మనిషి మీదికే వస్తుంది. సిద్ధాంతులూ ఓటమి ఒప్పుకోరు, వాయిదా వేస్తారు అంటారు. నిజమే. ‘వాండావిజన్’లో రాని మెఫిస్టో ‘లోకీ’లో వస్తాడన్నారు. రాలేదు. ఆ తర్వాతిదానిలో వస్తాడన్నారు. చివరికి 2025లో ‘ఐరన్‌హార్ట్’లో సాషా బారన్ కోహెన్ రూపంలో దిగనే దిగాడు. ‘మేం చెప్పలా!’ అని ఒకటే గంతులు. నాలుగేళ్ళు రోజూ వాన పడుతుందన్నవాడికి ఏదో ఒక సాయంత్రం తడిసే యోగం ఉంటుంది. దాన్ని సిద్ధాంతం గెలిచినట్టు నేనూ లెక్కెయ్యను. కాని అక్కడ కూడా ఒక నీతి ఉంది: ఈ నాలుగేళ్ళలో ఏ ఒక్కడూ, వచ్చింది మెఫిస్టో కాకపోయినా ‘నాన్ మెఫిస్టో’ విభాగంలో తానే గెలిచానని పోస్టరు వెయ్యలేదు.

ఇంత చెప్పాక నేనూ ఒక సిద్ధాంతం ఎదురుగా పెట్టకపోతే బాగుండదు. ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ చివర మాటిచ్చిన రెండో భాగం ‘జై హనుమాన్’, రిషబ్ శెట్టి హనుమంతుడిగా. అది వచ్చిన మొదటి సోమవారం పేపర్లో పడే పోస్టరుమీద ఇంతవరకూ ఎవరూ వినని కొత్త విభాగంలో ఒక రికార్డు ఉంటుంది. రెండు రోజుల్లో వేరే హీరో అభిమానులు ఆ విభాగంలో తమ అంకె ఎక్కువని కాగితాలు తీస్తారు. సోమవారం దాటినా అలాంటిదేదీ కనపడకపోతే నేను ఓడినట్టే, ఆ ముక్క నా పేరుతోనే రాసుకోండి.