ఆరో వంశం

ఆదివారమైతే చొప్పదండి నుంచి బైకుల దండయాత్ర బయల్దేరుతుంది. గమ్యం, కరీంనగర్ దాటాక మానేరు ఒడ్డునున్న ఎలగందుల ఖిల్లా. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు ఏలిన కోట. ప్రస్తుతం ఏలుతున్నది ఆరోది, బొగ్గుముక్క వంశం. పాత రాజుల శాసనాల్లో ఏ గుడికి ఎంత భూమి ఇచ్చారో ఉండేది. వీళ్ల శాసనాల్లో బాణం దిగిన గుండె, దాని కింద సెల్ నంబరు! (చారిత్రక ఆధారాలకు కొరత లేదు.)

1905 దాకా జిల్లా కేంద్రం ఎలగందులే. కచేరీలు కరీంనగర్‌కు పోతూ పోతూ కోట మీది ధ్యాసను కూడా మూటగట్టుకుపోయినట్టున్నాయి. ముళ్లకంపలు మాత్రం బదిలీ అడగకుండా ఇక్కడే డ్యూటీ చేస్తున్నాయి.

గుట్ట మీద జఫరుద్దౌలా 1754లో కట్టించిన దో మినార్ ఉంది. ఊపితే మినారు ఊగుతుందని ప్రతీతి. ఇంకేం, ఎక్కిన ప్రతి పోరగాడూ ఓ చెయ్యి వేస్తాడు. పక్కవాడు వీడియో తీస్తాడు. మరమ్మతుల ఫైలును అలా పట్టుకుని ఊపే మొనగాడు మాత్రం ఇంకా బైకు స్టార్ట్ చేయలేదు.