గ్యాస్ లీకైన చోట వినకూడని సలహాలు

హైదరాబాద్‌లో చర్లపల్లి బాట్లింగ్ ప్లాంట్లకు వెళ్లే ఎల్‌పీజీ ట్యాంకర్లు, నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీలకు వచ్చే రసాయనాల లారీలు మన సిటీ బస్సులు, స్కూలు వ్యాన్లు తిరిగే రోడ్ల మీదే తిరుగుతాయి. వాటిలో ఒకటి లీకైతే చుట్టూ చేరిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి చెబుతారు. మంచి మనసుతోనే చెబుతారు కాబట్టి జనం వింటారు. నాకు భయమంతా అక్కడే.

“అన్నా, స్టార్ట్ చేసి జల్ది దాటియ్.” అన్నిటికన్నా చెడ్డ సలహా ఇది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. నేల మీద పాకుతూ మోరీల్లోకి దిగుతుంది. గాలిలో రెండు శాతం కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. కేరళలో కన్నూరు దగ్గర చాలలో 2012 ఆగస్టు 27న ట్యాంకర్ డివైడర్‌ను గుద్దుకుంది. గ్యాస్ పక్కనున్న ఇళ్లలోకి పాకి భగ్గుమంది. 20 మంది పోయారు. ఇంజిన్ ఆపేసి, బండి అక్కడే వదిలి నడవాలి. ఫోన్ దూరం వెళ్లాకే తీయాలి. ఉప్పల్ రింగ్ రోడ్డులో టిఫిన్ బండి మీద దోసె పెనం కింద మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. గ్యాస్ అటు రాకముందే అది ఆర్పించాలి.

“తడి దస్తీ కట్టుకొని పోయి వాల్వ్ తిప్పు.” అమ్మోనియా నీటిలో కరుగుతుంది గనక పారిపోయేటప్పుడు తడిగుడ్డ కాస్త ఆదుకుంటుంది. దగ్గరికి వెళ్లడానికి అది చాలదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కైతే అసలు అడ్డే కాదు. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే ఈ వాయువు విషమే కాదు, మండుతుంది కూడా. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. “కంపు పోయింది, ఇగ ఏం గాదు” అనుకున్న క్షణమే అసలు ప్రమాదం. పడిపోయినవాణ్ని లాగబోయి రెండోవాడు, వాడి కోసం మూడోవాడు పడిపోతారు. శ్వాస పరికరాలున్న అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా ఆగడం చాలా కష్టం. అయినా ఆగాల్సిందే.

“గాలివాటున ఉరుకు.” అలా ఉరికితే గ్యాస్ మన వెంటే వస్తుంది. గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని, ఆ తర్వాత ఎదురుగాలి వైపు వెళ్లాలి. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఆర్‌.ఆర్‌. వెంకటాపురాన్ని కమ్మేస్తే, పరుగెత్తుతున్నవాళ్లే రోడ్ల మీద కుప్పకూలారు. 12 మంది చనిపోయారు.

“నీళ్లు కొట్టున్రి.” మడుగు కట్టిన ద్రవం మీద నీళ్లు పడితే అది ఇంకా వేగంగా ఆవిరవుతుంది. లీకవుతున్న చోట మంట లేస్తే, గ్యాస్ ఆపే దారి లేనప్పుడు ఆ మంటను ఆర్పకూడదు. ఆర్పితే కాలని గ్యాస్ పోగుపడి పేలుతుంది. ఫైర్‌వాళ్లు దూరం నుంచి ట్యాంకును చల్లబరుస్తారు. ట్యాంకే మంటల్లో ఉంటే చుట్టూ 1.6 కిలోమీటర్లు ఖాళీ చేయించాలి. ఉప్పల్ రింగ్ రోడ్డులో అలా జరిగితే మెట్రో స్టేషన్, బస్టాపులు అన్నీ అందులోకే వస్తాయి.

ట్రాలీ ఆటోలో “సిలిండర్ పండవెట్టు, పడదు” అనేవాళ్లూ ఉన్నారు. పడుకోబెడితే సేఫ్టీ వాల్వ్ ద్రవంలో మునుగుతుంది. ఆ ద్రవం బయటికొస్తే దాదాపు 250 రెట్ల గ్యాస్ అవుతుంది. నిలబెట్టి, కట్టి తీసుకెళ్లాలి.

ట్యాంకర్ వెనక, రెండు పక్కల హెచ్చరిక పలక మీద నాలుగంకెల నంబరుంటుంది: ఎల్‌పీజీకి 1075, అమ్మోనియాకు 1005. దూరం నుంచి కనిపిస్తేనే చదవండి. 101కో 112కో ఫోన్ చేసి ఆ నంబరు, దగ్గర్లోని మెట్రో పిల్లర్ నంబరు, గాలి ఎటు వీస్తోందో చెబితే, ఫైరింజన్ ఏ వైపు నుంచి రావాలో వాళ్లకు తెలుస్తుంది.