తెలివైన తలుపు, చీకటి స్నానం

మాది అత్తిపట్టు. చెన్నై నుంచి గుమ్మిడిపూండి వెళ్లే లోకల్ రైలు ఆగే ఊరు. పక్కనే ఉన్న ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి రెండు దశల సామర్థ్యమే 1,830 మెగావాట్లు. అంత కరెంటు పుట్టే చోట కాపురముంటూ, హాల్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఊరికే వెలుగుతోందని నిద్ర పట్టని మహానుభావుణ్ని నేను.

ఈ జబ్బుకు నాకు దొరికిన మందు తలుపులకూ కిటికీలకూ సెన్సర్లు బిగించడం. అదేం బ్రహ్మవిద్య కాదు. సన్నటి గాజు గొట్టంలో రెండు లోహపు రేకులుంటాయి, తలుపుకు చిన్న అయస్కాంతం ఉంటుంది. తలుపు మూస్తే రేకులు అతుక్కుంటాయి, తెరిస్తే విడిపోతాయి. 1930లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ రూపొందించిన రీడ్ స్విచ్ ఇదే. దానికి బిళ్ల బ్యాటరీ, జిగ్‌బీ రేడియో తగిలించారు. అది హబ్ అనే పెట్టెకు కబురంపుతుంది, హబ్ బల్బుకు ఆజ్ఞ ఇస్తుంది.

నా శాసనం ఒక్కటే: తలుపు తెరిస్తే వెలగాలి, మూస్తే ఆరాలి. మా అమ్మ బాత్రూం లైటు ఎప్పుడూ ఆర్పదు కాబట్టి ప్రారంభోత్సవం అక్కడే పెట్టాను. అమ్మ తలుపు తీసింది, లైటు వెలిగింది. నేను మీసం మెలేశాను. అమ్మ లోపలికెళ్లి గడియ పెట్టుకుంది, లైటు ఆరింది.

"ఏందిరా నాయనా, తలకు సబ్బు పెట్టుకుందామంటే కరెంటు పోయిందే!"

"కరెంటు పోలేదమ్మా. లెక్క ప్రకారం నువ్వు బయటికి వెళ్లిపోయావు" అని గడియ ఇవతల నుంచి శాస్త్రం చెప్పాను. లోపలి నుంచి వచ్చిన జవాబు అచ్చుకు పనికిరాదు.

అప్పుడు మనిషి కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్ తెచ్చాను. అది కదిలే ఒంటి వేడిని గమనిస్తుంది, కదలని మనిషి దాని దృష్టిలో లేనట్టే. దాన్ని పూజగదిలోనూ పెట్టేసరికి, అమ్మకు జపం బాగా కుదిరినప్పుడల్లా దీపం తప్ప లైటు ఉండేది కాదు. ఏకాగ్రతను కొలిచే యంత్రం ఏ యోగికీ దొరకలేదు, మా ఇంట్లో దొరికింది. ఇక అగ్నినక్షత్రం ఎండల్లో గోడల వేడీ ఒంటి వేడీ దగ్గర పడితే, నడిచే మనిషిని కూడా అది సరిగా పోల్చుకోలేదు.

కిటికీలది ఇంకో కథ. వానాకాలం సాయంత్రం లైటు వేస్తే ఉసుళ్లు ఇంట్లోకి దండెత్తుతాయి. అందుకని కిటికీ తెరిచి ఉంటే లైటు ఆరాలన్నాను. కానీ దీపాలవేళ లక్ష్మీదేవి వస్తుందని మా ఆవిడ వీధి తలుపు బార్లా తెరుస్తుంది. తలుపు వెలగమంటుంది, కిటికీ ఆరమంటుంది. సముద్రపు గాలికి కిటికీ రెక్క టపటపా కొట్టుకునేసరికి బల్బు ఇద్దరు పెళ్లాల మొగుడిలా కొట్టుమిట్టాడింది. ఎదురింటాయన వచ్చి, "ఏమి సార్, సీరియల్ లైట్లు అప్పుడే పెట్టేస్తిరా?" అనడిగాడు.

ఈలోగా మా ఆవిడ కరెంటు బిల్లు లెక్క తీసింది. 9 వాట్ల బల్బు రోజూ గంటసేపు ఊరికే వెలిగినా, రెండు నెలలకు అయ్యేది అర యూనిట్. రాత్రింబవళ్లు మేలుకునుండే హబ్ రెండు వాట్లు తాగితే, అదే రెండు నెలలకు దాదాపు మూడు యూనిట్లు. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలలకోసారి వచ్చే బిల్లులో మొదటి 100 యూనిట్లు 2016 నుంచి ఉచితం కూడానూ. "ఏమండీ, స్విచ్చి నొక్కడానికి మీ వేలికేమైనా తెగులా?" అంది. నా దగ్గర జవాబు లేదు, యాప్‌లో వెతికినా లేదు.

నా తెలివంతా ఖర్చయ్యాక, నేను కనిపెట్టింది మా ఫ్రిజ్‌కు ఎప్పటినుంచో తెలుసని గ్రహించాను. తలుపు తెరిస్తే వెలుగుతుంది, మూస్తే ఆరుతుంది. యాప్ లేదు, హబ్ లేదు. ఎందుకు కుదిరిందంటే, ఫ్రిజ్‌లో ఎవరూ కాపురం చెయ్యరు. తలుపు సెన్సర్‌కు తలుపు సంగతే తెలుసు. మనిషి లోపలున్నాడో బయటున్నాడో తెలియదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! మోజు తీరకపోతే బీరువాకో, సామాన్ల గదికో పెట్టుకోండి, హాయిగా పనిచేస్తుంది. మనిషి లోపలికెళ్లి తలుపేసుకునే చోట మాత్రం వద్దు. ఎక్కడ పెట్టినా గోడ మీది స్విచ్చి పీకెయ్యకండి. ఇంట్లో అమ్మ ఉంటే ఆవిడ స్నానం అయ్యేదాకా ఆగి పని మొదలుపెట్టండి.