లంగరు జారింది

ఓడ కదలకుండా పట్టుకునేది లంగరు. 2020 అక్టోబరు వాయుగుండానికి విశాఖలో అదీ పట్టు తప్పింది. బంగ్లాదేశ్ ఓడ ‘ఎంవీ మా’ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లెక్కింది. ఇనుప లంగరు గతే అదైతే మిగతా ‘యాంకర్ల’ను ఏమనగలం?

ఐపీఓలో యాంకర్ ఇన్వెస్టర్ ఉంటాడు. ఇష్యూకి ముందురోజే కోట్లతో దిగుతాడు. అతని వాటాల్లో సగానికి 30 రోజులు, మిగతా సగానికి 90 రోజులు కట్టు. ఆపైన తాడు తెంపుకుపోవచ్చు. అతణ్ని చూసి ఎక్కిన చిన్న మదుపరి మాత్రం నడిసంద్రంలో!

ఇక టీవీ యాంకర్. చర్చను ఒడ్డున కట్టేయాల్సిన మనిషే తుపానై ఊగిపోతుంటాడు. ఆ హోరు ఆపడానికి మనకున్న దిక్కల్లా గోడ మీది యాంకర్ స్విచ్చే!